వెనక తలుపూ పద్నాలుగు అడుగులూ

ఆర్లిన్ టాకెట్ ముప్పై నాలుగేళ్లు మా మిస్సోరీ కొండల్లో స్కూలు బస్సు నడిపాడు. మంచు పడనీ, వాగు పొంగనీ, ఒక్క పిల్లాడి మోకాలు గీసుకుపోకుండా ఇంటికి చేర్చాడు. అంత నిదానస్తుడు రిటైరయ్యాక ఒక్క తుపాకీ ఎంచుకోవడానికి ఆరు వారాలు ఊరందరి ప్రాణం తోడేశాడంటే, దానికి కారణం భార్య వెల్డా అలిగి వెళ్లిపోవడమే.

జరిగింది ఇదీ. సెప్టెంబరులో ఓ మంగళవారం మధ్యాహ్నం ఆర్లిన్ క్షవరానికి వెళ్లాడు. వెల్డా ముందుగదిలో కునుకు తీస్తుంటే వంటింట్లో అడుగుల చప్పుడైంది. కుర్చీ జరిగింది. ఎవరో మగమనిషి గొంతు సవరించుకున్నాడు. ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి. దుప్పటి నోట్లో కుక్కుకుని పావుగంట అలాగే పడుకుని, అంతా సద్దుమణిగాక వెళ్లి చూస్తే నేల నిండా బురద బూట్ల గుర్తులు. పొద్దున చేసిన యాపిల్ పై అనే తీపి వంటకంలో సగం మాయం.

మర్నాడే ఆవిడ పెట్టె సర్దుకుని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో అక్కగారింటికి వెళ్లిపోయింది. ఈ ఇంటిని సరిగ్గా చెయ్యి, అప్పుడే వస్తానంది. ఆర్లిన్‌కి అది ఒక్కటే రకంగా అర్థమైంది. తుపాకీ కొనమంటోంది.

ఇప్పుడు ఆ వెనక తలుపు సంగతి చెప్పాలి. దాని గడియ ఊడి పదకొండేళ్లయింది. గాలికి కొట్టుకోకుండా ఇటుక అడ్డం పెట్టుకుంటారు. కొత్త గడియకి నాలుగు మేకులు చాలు. కానీ మా కొండల్లో ముందు తలుపు తట్టేది పాదిరీ, బీమా ఏజెంటూ, శవపెట్టెలాయనా మాత్రమే. మనవాళ్లందరూ వెనక నుంచే వస్తారు, తట్టకుండా వస్తారు. వెనక తలుపు వేసుకోవడమంటే మీతో మాకింక పని లేదని చెప్పడమే. పక్క పొలం హోబర్ట్ ముప్పై ఏళ్లుగా పొద్దున్నే ఆరింటికి ఆ తలుపు తోసుకుని వచ్చి కాఫీ తాగి వెళతాడు. హోబర్ట్ మొహం మీద గడియ వెయ్యడం ఆర్లిన్ ఊహకి కూడా అందలేదు. తుపాకీ అయితే ఎవరి మనసూ నొప్పించదు.

ఇంట్లో తుపాకులు లేక కాదు, నాలుగున్నాయి. కానీ భుజానికి ఆపరేషనయ్యాక, పేల్చిన ప్రతిసారీ చేత్తో వెనక్కీ ముందుకీ లాగాల్సిన పాత షాట్‌గన్ అతనికి కొరగాకుండా పోయింది. తూటా తనంతట తానే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ కావాలి. దాణా కొట్టు వెనక గదిలో తుపాకులు అమ్మే బల్ల ఉంటుంది, అక్కడికెళ్లాడు. సగం యాపిల్ పై పోయిందని అక్కడ ఎలా చెబుతాడు, పరువేం కాను. హోబర్ట్‌తో సహా అందరికీ ఇంట్లోకి మనిషి దూరాడని మాత్రం చెప్పి ఊరుకున్నాడు. శుక్రవారానికల్లా ఆ ఒక్క మనిషి ముగ్గురు ముసుగు మనుషులయ్యాడు.

ఇక చూస్కోండి. తలా ఒక మాట. లావు గొట్టం పన్నెండు గేజ్ లేకపోతే మగాడే కాదని ఒకడు, ఆ భుజానికి పన్నెండు గేజ్ అంటే మళ్లీ ఆసుపత్రేనని ఇంకొకడు. గొట్టం పొడుగైతే నడవలో తిరగదని ఒకరంటే, పొట్టిదైతే చెవులు పోతాయని మరొకరు. అందరికీ పెద్ద హోబర్ట్. తన స్నేహితుడి ఇంట్లోకి ఎవడో దూరాడంటే అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. తన పొలం పనులు మానుకుని మరీ తిరిగాడు.

మొదట వెనక్కి తన్నే ఊపుతో నడిచేది ఒకటి కొన్నారు. హోబర్ట్ దానికి టార్చిలైటు బిగించాడు. పక్కన ఆరు తూటాల పట్టీ, కింద ఎర్ర చుక్క వేసే దీపం, భుజానికి పటకా. అంత బరువు మోశాక అది తన్నడమే మానేసింది, తన్నకపోతే రెండో తూటా ఎక్కదు. చెరువు గట్టున ఒకసారి ధనామని పేలి, తర్వాత ఎంత నొక్కినా ఉలకలేదు పలకలేదు. దాన్ని తిరిగిచ్చేసి, తూటా పొగతోనే నడిచే సన్నగొట్టం ఇరవై గేజ్ తెచ్చుకున్నారు. భుజానికి మెత్తగా తగులుతోందని ఆర్లిన్ ముచ్చటపడ్డాడు.

ప్రతి ఆదివారం చర్చి అయ్యాక వెల్డా ఫోన్ చేసి ఇల్లు సరిగ్గా అయిందా అని అడిగేది. ఇతను పొగతో నడిచే రకం గురించి మొదలుపెట్టేవాడు. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. ఐదో ఆదివారం మాత్రం, కుట్టు మిషను కూడా అక్కగారింటికి తెప్పించుకుంటానంది. నలభై ఆరేళ్ల కాపురంలో ఆ మిషను కిటికీ పక్కనుంచి కదిలింది లేదు. అది వెళ్లిందంటే ఆవిడ ఇక రాదు. ఆ రోజు అతనికి ముద్ద దిగలేదు.

హోబర్ట్ ఓదార్చాడు. ఇక మిగిలింది తూటా ఎంపికే, అది తేలితే వెల్డా తప్పక వస్తుందన్నాడు. శనివారం పొద్దున టేపు తెచ్చి నడవ చివరి నుంచి వంటింటి బల్లదాకా కొలిచాడు. పద్నాలుగు అడుగులు. బల్ల దగ్గర నేలమీద సుద్దతో గీత గీసి, తనే దొంగై ఆ గీత మీద నిలబడ్డాడు. ఆర్లిన్ తుపాకీ ఖాళీయేనని మూడుసార్లు చూసుకుని గురిపెట్టాడు.

హోబర్ట్ చొక్కా జేబు మీద చెయ్యేసుకుని చెప్పాడు. "ఇదిగో, ఇక్కడ. ఈ దూరంలో నాలుగో నంబరు గుళ్లయితే చెదరవురా. సాసరంత చిల్లు. వాడు మళ్లీ లేస్తే నన్నడుగు." అని దొంగలా రెండు చేతులూ పైకెత్తాడు.

అప్పుడే ఇటుక జరిగిన చప్పుడైంది. చలికోటు తీసుకెళదామని వచ్చిన వెల్డా వెనక తలుపు తోసుకుని లోపలికొచ్చింది. చేతులెత్తి నిలబడ్డ హోబర్ట్‌నీ, నడవలో తుపాకీతో ఉన్న మొగుణ్నీ చూసి, ఆఖర్న కాలి దగ్గరున్న ఇటుకని చూసింది.

"నేను తుపాకీ అడిగానా? పదకొండేళ్లుగా ఆ గడియ గురించి చెవినిల్లు కట్టుకుని పోరుతున్నా కదయ్యా."

ఆర్లిన్ నసిగాడు. "గడియేస్తే హోబర్ట్ ఏమనుకుంటాడే?"

"అనుకోనీ. ఎవడో దర్జాగా కుర్చీ లాక్కుని కూర్చుని, సగం యాపిల్ పై తిని, గొంతు సవరించుకుని పోయాడు. నేను అవతల గదిలో దుప్పటి కొరుక్కుంటూ చచ్చిపోతాననుకున్నాను. నీకు హోబర్ట్ ఏమనుకుంటాడోనని బెంగ."

హోబర్ట్ చేతులు మెల్లగా దించాడు.

"యాపిల్ పైయా?" అన్నాడు. "మంగళవారమా?"

ఆర్లిన్ తలూపాడు.

"నీ బండి లేదురా బయట. ఇంట్లో ఎవరూ లేరనుకున్నా. బల్లమీద ఉంటే నాకోసమే పెట్టారనుకున్నా, ఎప్పుడూ పెడతారుగా. ఫోర్కు కడిగి కూడా పెట్టాను." హోబర్ట్ గొంతు సవరించుకున్నాడు. అదే చప్పుడని గుర్తుపట్టి వెల్డా కుర్చీలో కూలబడింది.

ఆర్లిన్ చేతిలో తుపాకీని చూశాడు. సుద్దగీత మీద నిలబడ్డ స్నేహితుణ్ని చూశాడు. నడవలోనే చతికిలబడ్డాడు. ముప్పై నాలుగేళ్లు పరాయి పిల్లల్ని ఇల్లు చేర్చిన మనిషికి ఒళ్లంతా చెమట పట్టింది. హోబర్ట్ చొక్కా జేబు తడుముకుంటున్నాడు.

"నాలుగో నంబరు గుళ్లు నేనే చెప్పాను కదరా," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే హోబర్ట్ స్వయంగా గడియా తాళమూ తెచ్చి బిగించాడు. వెల్డా మళ్లీ స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్లింది పెట్టె తెచ్చుకోవడానికే. కుట్టు మిషను కిటికీ పక్కనుంచి కదల్లేదు. సుద్దగీతని ఆవిడే తడిగుడ్డతో తుడిచింది. తుపాకీ అలమారాలో ఉంది, ఆర్లిన్ దానికి ఆ తర్వాత ఒక్క తూటా కొనలేదు.

మూడు తాళంచెవుల్లో ఒకటి హోబర్ట్‌కిచ్చారు. తీసుకున్నాడు గానీ వాడడు. మొదట్లో ఆరింటికల్లా వచ్చి, కంచె దగ్గరే ఆగి, రెండు చేతులూ బయటికి పెట్టి, "నేనే, హోబర్ట్‌ని," అని ఊరంతా వినబడేలా మూడుసార్లు అరిచేవాడు. అలా అరవొద్దురా బాబూ అని ఆర్లిన్ బతిమాలినా వినలేదు. ఆ అరుపు వినలేక ఆర్లిన్ ఇప్పుడు పది నిమిషాల ముందే లేచి, రెండు కప్పుల కాఫీతో వెనక మెట్టుమీద కూర్చుంటున్నాడు. వాన పడినా అక్కడే కూర్చుంటున్నాడు.