నడుమ ఒకరు, రేకులొకరు

రత్నమాణిక్యానికీ ఆమె తోటికోడలు అప్పాయమ్మకీ మాటల్లేవు. ఎందుకు లేవో ఊళ్ళో అందరికీ తెలుసు. మళ్ళీ ఎప్పుడు కలుస్తాయో మాత్రం ఎవరికీ తెలియదు. వాళ్ళ మొగుళ్ళు, అన్నదమ్ములిద్దరూ ఒకే ట్రాక్టరుతో దున్నిస్తారు, ఒకే బల్ల మీద కూచుని టీ తాగుతారు. ఆడవాళ్ళిద్దరి మధ్యా మాత్రం నడుమెత్తు గోడ ఉంది. ఆ గోడ మీద వడియాల గుడ్డ పరిచినా ఎవరి సగం వారిదే.

నరసాపురం దగ్గర కాలవ గట్టు వెంబడి ఉన్న ఊరు అది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఏ అరుగు మీద చూసినా ఒళ్ళో తెల్లదారం ఉండ పెట్టుకున్న ఆడమనిషి కనబడుతుంది. కొసన కొక్కెమున్న సూదితో దారాన్ని లాగి, మెలిపెట్టి, పువ్వులు కట్టేవాళ్ళు కొందరు. ఆ పువ్వుల్ని పక్కపక్కన పేర్చి, సన్నటి గొలుసులతో అతికి బల్లగుడ్డగానో దిండు గలీబుగానో చేసేవాళ్ళు ఇంకొందరు. పువ్వుల పని వేరు, అతుకు పని వేరు. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరు. అప్పాయమ్మది పువ్వుల పని. ‘పువ్వుల అప్పాయమ్మ’ అంటే పాలకొల్లు దాకా తెలుసు. మాణిక్యానిది అతుకు పని. అతుకు పేరుతో ఎవరినీ పిలవరు.

మాటలు పోయింది కూడా ఆ పేరు దగ్గరే. ఒక పెళ్ళిలో భోజనాల బంతిలో ఇద్దరూ పక్కపక్కనే కూచున్నారు. ఎదురుగా ఉన్నావిడెవరో మాణిక్యాన్ని చూసి, “లేసుపని బాగా చేస్తారట, మీరేనాండి?” అని అడిగింది. మాణిక్యం నోట్లో ముద్ద మింగేలోపే అప్పాయమ్మ అందుకుంది.

“పువ్వులు పూయించేది నేనండి. మా చెల్లి ముళ్ళేస్తుందంతే.”

బంతి బంతంతా నవ్వింది. మాణిక్యం పెరుగు వడ్డించకముందే లేచిపోయింది. ఆ రోజు లేచిన మనిషి మళ్ళీ అప్పాయమ్మ పక్కన కూచోలేదు.

పని మాత్రం ఆగలేదు, ఎందుకంటే మధ్యలో రూతు ఉంది. రూతు చర్చి వీధి మనిషి. స్కూటీ మీద తిరిగి ఇంటింటికీ దారం ఇస్తుంది, కట్టిన పువ్వుల్ని అతుకు వాళ్ళకు చేరుస్తుంది, తయారైన గుడ్డల్ని రాజమండ్రి పట్టుకెళ్ళి ఇచ్చొస్తుంది. ఈ ఇంటి మాట ఆ ఇంటికి చేర్చేదీ ఆవిడే. కాకపోతే దారిలో కాస్త ఉప్పూ కారం జల్లుతుంది. “పువ్వులు తొందరగా పంపమను, చేతులు ఖాళీగా ఉన్నాయి,” అని మాణిక్యం అంటే, గోడ దాటేసరికి అది, “మీ పువ్వుల కోసం ఆవిడ కళ్ళు కాయలు కాస్తున్నాయంటండి,” అయ్యేది.

“కాయలు కాస్తే కోసుకుని కూరొండుకోమను,” అనేది అప్పాయమ్మ.

ఇలా జరుగుతుండగా, కిందటేడు శ్రావణంలో మాణిక్యం ఒక బల్లగుడ్డ అతికి మంచం మీద పరిచింది. మంచి గుడ్డయితే పళ్ళెంలో నీళ్ళలా చదునుగా ఉండాలి. అది మధ్యలో పొంగిన పూరీలా లేచింది. తన అతుకే తప్పనుకుని అంతా విప్పి మళ్ళీ అతికింది. మళ్ళీ లేచింది. అప్పుడు పువ్వుల్ని ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య పెట్టి లాగి చూసింది. నడిమి చక్రం గట్టిగానే ఉంది. రేకుల దగ్గరికొచ్చేసరికి దారం వదులు. పువ్వు మొదలుపెట్టినప్పుడు ఉన్న పట్టు చివరికి ఉండటం లేదన్నమాట. అప్పాయమ్మ చెయ్యి వణుకుతోందని మాణిక్యానికి ఆ క్షణాన అర్థమైంది.

ఇలాంటి కబురు ఎవరి చేతికైనా చిక్కితే ఏం చేస్తారు? రూతు చెవిన వేస్తే చాలు, సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. లేసు పనిలో చెయ్యి వదులైందన్న మాట ఒకసారి పుట్టిందంటే ఆ గడపలో మళ్ళీ దారం ఉండ దిగదు. అప్పాయమ్మకు దారం కూడూ గుడ్డా పెట్టేదేం కాదు, పొలముంది. కానీ దారం లేకపోతే ఆవిడ పువ్వుల అప్పాయమ్మ కాదు, ఉత్త అప్పాయమ్మ.

మాణిక్యం చెప్పలేదు. తలుపు గడియ వేసుకుని, వదులు రేకుల్ని విప్పి, తనే మళ్ళీ కట్టింది. జాలి అనడానికి లేదు. కొత్త పువ్వుల మనిషి వస్తే ఆవిడ చేతి బిగువుకు తన అతుకును మళ్ళీ అలవాటు చేసుకోవాలి, అదొక బాధ. పైగా శత్రువు గుట్టు కొంగున ముడేసుకుని తిరగడంలో ఉండే రుచి అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది. ఏదైతేనేం, అప్పట్నుంచి వచ్చిన ప్రతి సంచిలోని పువ్వులూ మాణిక్యం చేతిలో రెండోసారి పూస్తూనే ఉన్నాయి.

రాజమండ్రిలో కోటిపల్లి బస్టాండు దగ్గర గోపాలకృష్ణమూర్తిగారి కొట్టుంది. వాళ్ళ నాన్నగారి రోజుల్లో అది పెళ్ళిసామాన్ల కొట్టు. ఇప్పుడు పాపికొండల బోటెక్కడానికి వచ్చేవాళ్ళూ, గట్టు మీద ఫోటోలు దిగేవాళ్ళూ ఊరి గుర్తుగా ఏదో ఒకటి పట్టుకెళ్ళాలంటారని కొట్టు తీరే మార్చేశాడు. ఉప్పాడ చీరలు ఒక వైపు, ఆత్రేయపురం పూతరేకుల డబ్బాలు ఒక వైపు, గోడ నిండా లేసు గుడ్డలు. ఈమధ్య ఆయనకొక ఆలోచన వచ్చింది. రూతు ఆ ఆలోచనను స్కూటీ మీద ఊళ్ళోకి తెచ్చింది.

“అప్పాయమ్మగారూ, వచ్చే ఆదివారం కొట్లో కూచుని జనం ముందర పువ్వులు కట్టాలంటండి. కళ్ళారా చూస్తే కొంటారంటారు ఆ శెట్టిగారు. అతుకైతే చూడ్డానికేం ఉంటుందండి, పువ్వైతే దారంలోంచి పుట్టుకొస్తుంది కదా.”

అరుగు మీద నలుగురాడవాళ్ళున్నారు. అప్పాయమ్మ కాదంటే ఎందుకని అడుగుతారు. అందుకని, “దానికేం, వస్తాను,” అంది.

గోడకు ఇవతల మాణిక్యం చేతిలోని సూది ఆగిపోయింది. జనం మధ్యలో, రూతు కళ్ళ ముందు, మొదటి పువ్వుకే బండారం బయటపడుతుంది. ముళ్ళేస్తుందన్న మాటకు ఇన్నేళ్ళకు జవాబు దానంతటదే వస్తోంది. తను వేలు కదపనక్కర్లేదు. ఇంట్లో కూచుంటే చాలు.

ఆదివారం పొద్దున్నే మోకాలి డాక్టరుకు చూపించుకొస్తానని మొగుడితో చెప్పి, సంచిలో సూది పడేసుకుని రాజమండ్రి బస్సెక్కింది.

రూతు చర్చి కూడా మానుకుని అప్పాయమ్మను వెంటబెట్టుకొచ్చింది. వాళ్ళిద్దరూ వెనక సీట్లో ఉన్నారు. మాణిక్యం వాళ్ళ వైపు చూడకుండా ముందు సీట్లో కూచుంది. ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు గానీ ఆధార్ కార్డు చూపించాలి. కండక్టరు అప్పాయమ్మ కార్డు చూసి, ముందుకొచ్చి మాణిక్యం కార్డు చూసి, మళ్ళీ వెనక్కి తిరిగాడు.

“ఇంటిపేరు ఒకటే, ఊరూ ఒకటే. అక్కాచెల్లెళ్ళాండి? ఖాళీ ఉందిగా, ఒకచోట కూచోండి మరి.”

“కాదు!” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఆ పెళ్ళి తర్వాత వాళ్ళిద్దరూ కలిసి అన్న మొదటి మాట అదే. రూతు కొంగు నోట్లో కుక్కుకుంది. బస్సు రావులపాలెం అరటి గెలల మధ్యనుంచి, గౌతమి వంతెన మీదుగా వెళ్ళి రాజమండ్రి చేరింది.

కొట్లో గోపాలకృష్ణమూర్తిగారు చాప పరిచి, దిండు వేసి, పక్కన కూజాతో నీళ్ళు కూడా పెట్టించాడు. అప్పాయమ్మ వెంటనే కూచోలేదు. గోడకు వేలాడదీసిన లేసు గుడ్డల దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, ఒకదాన్ని చాలాసేపు చూసింది. తర్వాత వెనక్కి తిరిగింది. పూతరేకుల డబ్బాల దగ్గర, కొనే ఉద్దేశం లేకపోయినా బెల్లంవి ఏవి పంచదారవి ఏవి అని అడుగుతున్న మాణిక్యం కనిపించింది. అప్పుడు వచ్చి చాప మీద కూచుంది.

పది గంటలకల్లా జనం మూగారు. హైదరాబాదు నుంచి వచ్చిన కుటుంబమొకటి చాప చుట్టూ చేరింది. వాళ్ళమ్మాయి ఫోను ఎత్తి పట్టుకుంది. అప్పాయమ్మ దారం వేలికి చుట్టి, కొక్కెం దూర్చి, చూస్తుండగానే నడిమి చక్రం కట్టేసింది. గుండ్రంగా, గట్టిగా, చుక్క పెట్టినట్టు కుదిరింది. “అబ్బ!” అన్నారు జనం. మొదటి రేకు కూడా వచ్చింది. రెండో రేకులో వేలు వణికింది. కొక్కెంలోంచి దారం జారింది. మళ్ళీ ఎక్కించింది, మళ్ళీ జారింది.

“అయ్యో, ఊడిపోయింది ఆంటీ,” అంది ఫోనమ్మాయి.

రూతు మొహం మారింది. గోపాలకృష్ణమూర్తిగారు కుర్చీలోంచి సగం లేచాడు.

మాణిక్యం చేతిలోని డబ్బాను బల్ల మీద పెట్టింది. జనాన్ని తోసుకుని వెళ్ళి చాప మీద కూచుంది.

“నడుమ అయిపోయిందిగా అక్కా, ఇంకా పట్టుకుంటావేంటి? ఇటివ్వు. రేకులు నావి.”

ఉండ చేతులు మారింది. జారిన దారాన్ని మాణిక్యం కొక్కెంతో ఎత్తిపట్టి రేకు తర్వాత రేకు కట్టుకుంటూ పోయింది. ఈలోపు అప్పాయమ్మ ఇంకో ఉండ తీసుకుని ఇంకో చక్రం మొదలుపెట్టింది.

“ఒక పువ్వును ఇద్దరు కడతారా?” అని అడిగింది ఆ పిల్ల తల్లి.

బేరం చెడుతుందంటే రూతు నాలుక దానంతటదే తిరుగుతుంది.

“ఆయ్, మా వైపు పద్ధతే అంతండి. నడుమ ఒకరు, రేకులొకరు. తాతలనాటి నుంచీ వస్తోందండి. తోటికోడళ్ళు కడితే మరీ మంచిదంటారు, ఇంట్లో కలిసొస్తుందని.”

జనం ఆ మాటను భక్తిగా విన్నారు. ఆ కుటుంబం రెండు బల్లగుడ్డలూ, నాలుగు గలీబులూ కొంది. గోపాలకృష్ణమూర్తిగారు కుర్చీలో వెనక్కి వాలి, “ఇన్నేళ్ళ నుంచి అమ్ముతున్నాను, ఈ ముక్క నాకెవరూ చెప్పలేదేంటమ్మా?” అన్నాడు.

మధ్యాహ్నం కొట్టు వెనక గదిలో పులిహోర పొట్లాలు విప్పారు. రూతు చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. అప్పాయమ్మ పొట్లం వైపే చూస్తూ అడిగింది.

“ఎన్నాళ్ళనుంచి విప్పి కడుతున్నావు?”

“కిందటి శ్రావణం నుంచి. నీకెలా తెలిసింది?”

“నా రేకు కొస గుండ్రంగా ఉంటుంది, నీది కాస్త మొన తేలుతుంది. ఇందాక గోడ మీద చూశాను. అన్నీ నీ మొనలే. నువ్వు పూతరేకుల దగ్గర తచ్చాడుతున్నావు కాబట్టి చాప మీద కూచున్నాను. లేకపోతే తలనొప్పని చెప్పి తిరుగు బస్సు ఎక్కేదాన్ని.”

మాణిక్యానికి పొలమారింది. నీళ్ళు తాగి, “అయితే ముళ్ళేసేదాన్ని నమ్ముకుని కూచున్నావన్నమాట,” అంది.

“పెళ్ళి భోజనంలో అన్న మాటే అది. ఇన్నేళ్ళయింది, నీకింకా అరగలేదా?”

“నువ్వు పెరుగు కూడా వేసుకోనివ్వలేదుగా, ఎలా అరుగుతుంది?”

అప్పాయమ్మ తన పక్కనున్న పెరుగు డబ్బాను అటు జరిపింది. మాణిక్యం తీసుకుంది. అప్పుడే చేతులు తుడుచుకుంటూ వచ్చిన రూతు గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ డబ్బా తనకోసం కొనుక్కున్నది. ఆ పూటకు పులిహోరతోనే సరిపెట్టుకుంది.

వాళ్ళు ఊరొచ్చాక గోడ అలాగే ఉంది, మౌనమూ అలాగే ఉంది. మాట్లాడుకుంటే ముందు ఎవరు తగ్గారని అందరూ అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఇద్దరికీ ఇష్టం లేదు. కొట్లో మాటలు కొట్టుకే సరి. ఎప్పుడైనా ఆదివారం రాజమండ్రి బస్సులో మాత్రం ఇద్దరూ ఒకే సీట్లో కనిపిస్తారు. దిగేటప్పుడు ఒకరు ముందు తలుపున, ఇంకొకరు వెనక తలుపున దిగుతారు. మాణిక్యం మోకాలికి ఇన్నిసార్లు వైద్యమేంటని ఆమె మొగుడు అన్నను అడిగితే, ఆయన టీ ఊదుకుంటూ నవ్వాడట.

గోపాలకృష్ణమూర్తిగారు కొట్టు ముందు ఒక బోర్డు పెట్టించాడు. తోటికోడళ్ళు కట్టే లేసు, తరతరాల గోదావరి సంప్రదాయం అని దాని మీద ఉంది. బోటు జనం దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ఆ బోర్డు చూసి పక్క ఊళ్ళో కూడా ఒక అత్తాకోడళ్ళు అలాగే మొదలుపెట్టారని రూతు చెబుతోంది. అందులో ఎంత నిజమో రూతుకే తెలియాలి.

మొన్న రూతు తెచ్చిన సంచిని మాణిక్యం గదిలో మంచం మీద బోర్లించింది. అందులో పువ్వులు లేవు, చక్రాలున్నాయి. గట్టిగా కట్టిన ఒక్కో చక్రానికీ రేకులకు సరిపడా దారం వదిలి, చిక్కు పడకుండా చుట్టి పెట్టి ఉంది.

“ఇదేంటండీ, సగం సగం పంపారు? మర్చిపోయారా?” అంది రూతు.

“నీ నోటితో నువ్వు చెప్పిన పద్ధతే కదే,” అంది మాణిక్యం, సూది అందుకుంటూ. “గడియ వేసుకునే పని తప్పింది. ఆ తలుపు కాస్త బార్లా తెరిచి వెళ్ళు, వెలుతురొస్తుంది.”