నిద్ర చేస్తేనే లెక్క

దేశాలు తిరిగి చెడినవాళ్లను మీరు చూసే ఉంటారు. తిరిగిన దేశాలకు లెక్క చెప్పబోయి చెడినవాణ్ని మాత్రం ఇప్పుడే చూస్తున్నారు. ఆ భాగోతం వినండి.

పెళ్లయిన కొత్తలో బౌరంపేటలో కాపురం. కాలనీ క్లబ్‌హౌస్‌లో ప్రపంచపటం తగిలించారు. ఆదివారం పొద్దున అందరి ముందూ, ఎవరు వెళ్లిన దేశాల మీద వాళ్లు పిన్నులు గుచ్చాలి. నావి మూడు దేశాలు. పక్కింటి మూర్తిగారివి నాలుగు, ఆయన విమానం మారిన దోహాతో కలిపి. అక్కడ ఆయన చూసిందల్లా మరుగుదొడ్డి ముందు వరస. నాకు కడుపు మండింది. శుక్రవారం సాయంత్రం మీటింగులో లేచి, ఆ గడ్డ మీద అన్నం తిని, ఒక రాత్రి నిద్ర చేస్తేనే వెళ్లినట్టు లెక్క అని నియమం పెట్టించాను. చప్పట్లు మోగాయి. మూర్తిగారి ముఖం మాడిపోయింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి వెనక్కి తిరిగేసరికి ఇల్లు లేచి నిలబడింది. అంటే మా ఆవిడ లావణ్య.

"అట్లయితే గౌడవెల్లిల మా తల్లిగారింటికి మీరింకా రానట్టే గదా," అంది.

నిజమే. పెళ్లినాటి మూడు నిద్రలూ సెలవు లేదని ఎగ్గొట్టాను. ఆమెను దింపడానికి మేడ్చల్ వైపు అంతదూరం వెళ్లినా, బండి దిగకుండా మంచినీళ్లు తాగి వచ్చేసేవాణ్ని. వండిపెట్టిన అత్తగారు ఖాళీ చెంబు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయేది. లావణ్య అదంతా అందరి ముందూ చెప్పేసింది. నాకు నిజంగా సిగ్గేసింది.

మూర్తిగారికి మాత్రం పండగ. "మీదీ ట్రాన్సిట్టేనన్నమాట," అన్నారు.

ఆ రాత్రే గౌడవెల్లిలో పప్పుచారు తిని, డాబా మీద నిద్ర చేశాను. తెల్లారగానే, లెక్క సరిపోయిందని బండి తాళం తీశాను. అత్తగారు అడ్డొచ్చింది.

"గట్లెట్ల పోతవు బిడ్డా? కోడి గొయ్యకముందే పోతే, అల్లుడొచ్చినట్టే గాదు మాకు."

"అయితే కోసెయ్యండత్తయ్యా."

"ఇయ్యాల శనివారం, మేం ముట్టం. రేపు గోస్త."

వాళ్ల నియమం వాళ్లది. ఆదివారం నాటుకోడి తొడ చేతిలో ఉండగా ఫోన్లో ఫోటో వచ్చింది. కాదనేవాడు లేక మూర్తిగారు దోహా మీద పిన్ను గుచ్చేశారు. పక్కనే మస్కట్ మీద కూడా ఒకటి. విమానం కిటికీలోంచి కనబడిందట. ఒప్పుకుంటారా అని అడిగారు. కూర అంత బాగుంది, ఒప్పేసుకున్నాను.

ఆ కోడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకే దేశానికీ షరతు పెట్టను. మూర్తిగారు చంద్రుణ్ని చూశానన్నా పిన్ను నేనే అందిస్తాను. గౌడవెల్లికి మాత్రం, కోడి కోస్తేనే వెళ్లినట్టు.