మా ఊళ్ళో ఆడని రీలు

మా పెద్దబ్బాయి డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేశాక, కొబ్బరినూనెలో దూది ముంచి కంటి రెప్పలు తుడుచుకుంటాడు. బొగ్గు ఒంటి మీద నుంచి వదులుతుంది గాని రెప్పల అంచున ఒక పట్టాన వదలదు. ఎంత తుడిచినా సన్నని నల్లగీత మిగిలే ఉంటుంది, ఎవరో తీరిగ్గా కాటుక దిద్దినట్టు. ఆ నూనె వాసన, దూదికి అంటిన బొగ్గు వాసన కలిసి వంటింట్లోకి వచ్చినప్పుడు నా చేతిలో పని ఆగిపోతుంది. కరుణక్క గుర్తొస్తుంది. ఒకప్పుడు హిందీ సినిమా పత్రికలు ఆమె కళ్ళను మాత్రమే పెద్దగా అచ్చువేసేవి. ఇంత చక్కగా కాటుక పెట్టుకోవడం ఎవరు నేర్పారని బొంబాయిలో ఎవరో అడిగితే "మా బాపును చూసి నేర్చుకున్న" అని చెప్పిందట. వాళ్ళు నవ్వారట. నవ్వరా మరి, గనిలోంచి వచ్చిన మనిషి ముఖం వాళ్ళెప్పుడు చూశారు గనక.

గోదావరిఖనిలో గనులు కొత్తగా తెరిచిన రోజుల్లో మా క్వార్టరుకూ యోసేపు కాక క్వార్టరుకూ మధ్య ఒకటే గోడ ఉండేది. కాక బెల్లంపల్లిలో ఏళ్ళ తరబడి బొగ్గు నింపి ఇక్కడికి బదిలీ మీద వచ్చాడు. చర్చిలో పెద్దమనిషి, ఆదివారం ముందు వరసలో కూర్చునేవాడు. భార్య మార్తమ్మ బెల్లంపల్లిలోనే జబ్బు చేసి పోయింది. ఉన్నదల్లా ఒక్క కూతురు, కరుణ. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది. మనిషి మా వీధిలో మగవాళ్ళందరి కంటే పొడుగు, నలుపు, నిటారు. ఆమెను నర్సును చేయాలని కాకకు ఒకటే పట్టుదల. పాదిరిగారి చేత ఉత్తరం రాయించి బొంబాయిలో ఒక మిషను దవాఖానాకు శిక్షణకు పంపాడు. ఆ తర్వాత మా వీధిలో ఎవరికి దగ్గు వచ్చినా "మా బిడ్డ నర్సు" అని మొదలుపెట్టేవాడు. అది పూర్తయ్యేలోగా రోగి తప్పించుకోవాల్సిందే.

రెండు మూడేళ్ళు గడిచాయి. ఒక డిసెంబరులో మా అమ్మతో కలిసి బట్టల దుకాణంలో ఉన్నాను. క్రిస్మస్‌కు చొక్కా గుడ్డ కొనడానికి కాక కూడా వచ్చాడు. గోడకు కొత్త క్యాలెండరు వేలాడుతోంది. ఏదో చీరల మిల్లుది. ఆకుపచ్చ చీర కట్టుకుని, పైట గాలికి వదిలి, తల కొంచెం పక్కకు తిప్పి నిలబడి ఉంది కరుణక్క. మా అమ్మ నా భుజం నొక్కి పట్టుకుంది. కాక చాలాసేపు చూశాడు.

"సేటూ, గీ పటం ఏడికెల్లి వచ్చింది?"

"బొంబాయి మిల్లోళ్ళు పంపిండ్రు. మంచిగున్నది గద పిల్ల?"

"నాకియ్యి," అన్నాడు కాక.

గుడ్డ కొనలేదు. క్యాలెండరును బొమ్మ లోపలికి వచ్చేలా చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ ఆదివారం నుంచి చర్చిలో ఆఖరి వరసకు మారాడు. క్యాలెండరును చింపలేదు, కాల్చలేదు. ఇంట్లో మేకుకు తగిలించాడు గాని ముఖం గోడవైపు, వీపు మనవైపు. ఆ తెల్లటి వీపు మీద మసిబొగ్గుతో తన షిఫ్టులు గీసుకునేవాడు. కన్నబిడ్డ బొమ్మను పారేయలేడు, కళ్ళెత్తి చూడనూలేడు.

తర్వాత అక్క ఉత్తరం రాసింది. దవాఖానాకు ఫోటోలు తీయడానికి వచ్చినాయన ఈమెను వార్డులో చూశాడట. ముందు చీరల ఫోటోలు, ఆపైన పెద్ద హోటళ్ళలో వ్యాపారుల ముందు మిల్లు చీరలు కట్టుకుని నడవడం, అక్కడి నుంచి సినిమా. శిక్షణ మానేసింది. కాక ఆ ఉత్తరం నాచేత చదివించుకుని, మడిచి నా చేతికే ఇచ్చేశాడు.

అయినా అక్క రెండేళ్ళకొకసారి క్రిస్మస్‌కు వచ్చేది. ఆమె వండింది కాక తినేవాడు, ఆమె ఉతికింది కట్టుకునేవాడు, ముఖం మాత్రం ఎత్తేవాడు కాదు. ఆమె మా ఇంట్లోకి వచ్చి బియ్యం ఏరుతూ కబుర్లు చెప్పేది. నేను అప్పుడు పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లను. నల్లగా ఉంటానని, నత్తి వస్తుందని తల దించుకుని నడిచేదాన్ని. ఒకరోజు ఆమె నా గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి పైకి లేపింది.

"కింద ఏమన్న పడగొట్టుకున్నవా? మెడ ఎత్తు. బొంబాయిల పుస్తకం నెత్తిన వెట్టి నడువుమన్నరు నన్ను. నేను మూడు బిందెలు మోసినదాన్ని, నాకు నేర్పుతరా వాళ్ళు? నీకు గుడ వచ్చు సరోజా, బిందె లేనప్పుడు గుడ ఉన్నట్టే నడువు."

నేను ముప్పై అయిదేళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. మొదటి రోజు తరగతిలోకి అడుగుపెట్టినప్పుడు నా నెత్తిమీద మూడు బిందెలు ఉన్నాయి. నత్తి అప్పుడప్పుడు వచ్చినా మెడ మాత్రం దించలేదు. అది ఆమె పెట్టిన భిక్ష.

అక్క సినిమాల గురించి గొప్పలు చెప్పేది కాదు. మొదట ముఖానికి తెల్లపొడి ఎంత వేసేవారంటే తుమ్మితే రాలిపడేదట. ఆమె హిందీలో మన యాస దొర్లుతుందని వేరే ఎవరి గొంతో పెట్టేవారట. అన్నిటికంటే ఆమెకు బాధ కలిగించింది వేరే ఉంది. "హీరో నాకంటే పొట్టి. నేను నిలవడితే ఆయన తక్కువైతడని నన్ను కూసోవెడుతరు. హీరోయిన్ దోస్తును, మంచం మీద కూసుంట. హీరోకు చెల్లెను, కుర్చీల కూసుంట. నాలుగు సినిమాలు చేసిన సరోజా, నాలుగిట్ల కూసునే ఉన్న," అని పడీ పడీ నవ్వింది. మా అమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు వెనక ఏముందో అప్పుడు నాకు తెలియలేదు. ఎందుకు తెలియలేదా అని ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

డెబ్బైల్లో ఒకసారి ఆమె నుంచి ఉత్తరం వచ్చింది. బొగ్గు గని కథ తీస్తున్నారని, అందులో గని కార్మికుడి భార్య వేషం తనదని. గని కూలినప్పుడు ఆ భార్య రొమ్ము బాదుకుంటూ పరుగెత్తాలని రాశారట. ఈమె ఒప్పుకోలేదు. మా దగ్గర లోపలికి దిగే ప్రతి మనిషీ ల్యాంపు రూములో తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు. పైకొచ్చి దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక కూడా బోర్డు మీద బిళ్ళ వేలాడుతుంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడన్నమాట. ఆ బిళ్ళను చూస్తూ ఊరికే నిలబడతానని అడిగింది. డైరెక్టరు ఎలాగో ఒప్పుకున్నాడు. ఉత్తరం చివర ఇలా రాసింది: "ఆరు నిమిషాలు సరోజా. నేను ఒక్కదాన్నే. ఈసారి నిలవడ్డ. బాపుకు ఇది ఒక్కటి చూపెట్టాలె."

కాకకు అప్పటికే ఊపిరి ఆడటం కష్టమై డ్యూటీ మాన్పించారు. నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకునేవాడు. ఆమె తొందర అందుకే.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

కొన్ని నెలల తర్వాత మా వీధికి కొత్తగా వచ్చిన ఒకాయన మంచిర్యాలలో ఒక హిందీ సినిమా చూసొచ్చి, అందులో గని కూలే సీను ఉందనీ, వారంలో అది మన టాకీసుకు వస్తుందనీ చెప్పాడు. మా వీధి ఆడవాళ్ళ గుండెలు జారిపోయాయి. డ్యూటీకి పోయే మనిషి ముందు చావు మాట ఎత్తరు మా దగ్గర. అన్నం పెడుతూ పేచీ కూడా పెట్టుకోరు. మా టాకీసు ఆటలేమో షిఫ్టుల ప్రకారం నడిచేవి. పొద్దుటాట చూసి నేరుగా రెండో షిఫ్టుకు దిగేవాళ్ళు వందల మంది. ఆ బొమ్మ కళ్ళలో పెట్టుకుని దిగుతారా? అందరూ మా ఇంటికి వచ్చారు. అప్పటికి టీచరు శిక్షణ పూర్తి చేసినదాన్ని నేనొక్కదాన్నే.

"రాయి సరోజా, గా ముక్క ఈడ ఎయ్యొద్దని గట్టిగ రాయి," అంది మా అమ్మ.

రాశాను. టాకీసు మేనేజరుకు చక్కగా, గట్టిగా రాశాను. నలభై మంది వేలిముద్రలు వేశారు, మొదటి సంతకం నాది. అది అక్క సినిమా అని నాకు తట్టలేదు. ఆమె రాసిన పేరు వేరు, విడుదలప్పుడు పేరు మార్చారు. ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే తెలిసేది. ఊరంతా నన్ను పెద్ద చేసి పెన్ను చేతికిస్తే, ఆలోచన ఎందుకు వస్తుంది?

ఆట చివరి రోజు పొద్దున అక్క రామగుండం స్టేషనులో దిగి రిక్షాలో వచ్చింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. "మన టాకీసుల ఆడుతున్నది సరోజా, గదే!" అంది. నేను రాసిన కాగితం ఏ సినిమా మీదో అప్పుడు తెలిసింది. లోపల ఆమె కాక కాళ్ళ దగ్గర కూర్చుని అడగడం గోడ ఇవతలికి వినిపించింది.

"బాపూ, ఒక్కసారి రా. గిది మన బొగ్గు బాయిల కథ. నచ్చకుంటే మల్ల జన్మల అడగ."

కాక గొంతు వినిపించింది. "రిక్షా ఉంచు."

నేను నోరు తెరవలేదు. మేనేజరు మా కాగితాన్ని పట్టించుకుని ఉండడులే అని నాకు నేనే చెప్పుకున్నాను. పిరికితనం, ఇంకేం కాదు.

టాకీసులో కాక మా ఇద్దరి మధ్య కూర్చున్నాడు. చర్చిలో కూర్చున్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. సినిమా నడిచింది. గని కనిపించింది, సైరను మోగింది. టప్పున రీల్లో అతుకు పడి, కొండల మధ్య హీరో హీరోయిన్లు పాట పాడుకుంటున్నారు. జనంలో ఎవరూ గమనించలేదు. అక్క కుర్చీ అంచుకు జరిగింది. ఇంకా వస్తుందేమోనని చివరిదాకా అలాగే కూర్చుంది. దీపాలు వెలిగాయి.

"నువ్వేడ ఉన్నవ్ బిడ్డా?" అన్నాడు కాక. "నాకు కండ్లు సరిగ ఆనలేదా ఏంది?"

నాకు ఏడుపు ఆగలేదు. అక్కడే, వరసల మధ్యనే చెప్పేశాను, కాగితం, సంతకాలు, అంతా. అక్క నన్ను చూసింది. తిట్టలేదు. మమ్మల్ని తీసుకుని మేనేజరు గదికి వెళ్ళింది. ఆయన ఆమెను గుర్తుపట్టి కంగారుగా లేచి, ముక్క డబ్బాలోనే ఉంది, మ్యాట్నీలో కలిపి వేయిస్తానన్నాడు. బల్ల మీద నా ఉత్తరం ఉంది. ఆమె దాన్ని పూర్తిగా చదివి మళ్ళీ అక్కడే పెట్టింది.

"వద్దు సార్. మ్యాట్నీ జూసి మూడో షిఫ్టుకు వొయ్యేటోళ్ళు ఉంటరు. మా ఊర్ల ఎప్పుడు జూసినా ఎవరో ఒకరు దిగవొయ్యేటోళ్ళే ఉంటరు."

బయటికొచ్చాక నా చేయి పట్టుకుంది. "మంచిగ రాసినవ్ సరోజా. నేను ఈడనే ఉంటే నేను గుడ సంతకం వెడుదు."

నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

ఇంటికి వచ్చి కాకను మంచం మీద కూర్చోబెట్టాం. ఆయాసం తగ్గాక ఆయనే అడిగాడు.

"అండ్ల నువ్వు ఏం మాట్లాడినవ్?"

"మాటల్లేవు బాపు. నిలవడుడే."

"అయితే నిలవడు, సూత్త."

 అక్క లేచి గోడకున్న ఆ క్యాలెండరు వీపుకు ఎదురుగా నిలబడింది. పైట సర్దుకోలేదు, కళ్ళు తుడుచుకోలేదు. ఒక కాలి మీద బరువు వేసి, మెడ ఎత్తి, మేకు వైపు చూస్తూ ఉండిపోయింది. బయట ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు. 

"మార్తా," అన్నాడు కాక, పోయిన భార్యను పిలిచినట్టు.

డ్యూటీ మానినా వదలని ఆయన కళ్ళ నల్లగీతల మీదుగా నీళ్ళు కారుతున్నాయి.

"బెల్లంపల్లి బాయిల నీళ్ళొచ్చి మేము లోపల చిక్కిననాడు మీ అవ్వ గిట్లనే నిలవడ్డది. ఏడ్వలే, మొత్తుకోలే. నేను పైకొచ్చి పక్కన నిలవడ్డ గుడ మొఖం తిప్పలే. నా బిళ్ళ తీసినంకనే తిప్పింది. నువ్వు గప్పుడు ఇంత పిల్లవు. నీకెట్ల యాదికున్నది బిడ్డా?"

"నేను అవ్వ చెయ్యి వట్టుకొని ఉన్న బాపు."

ఆ రోజు ఆయన కూతురి ముఖం ఎన్నేళ్ళకో సూటిగా చూశాడు. "పటం మలుపు," అన్నాడు. ఆమె క్యాలెండరును తిప్పింది. ఆ సంవత్సరం ఎప్పుడో గడిచిపోయింది, ఆకుపచ్చ చీర రంగు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ చలికాలమే కాక పోయాడు. ఆమె వచ్చేసరికి మట్టి చేసేశారు. బొంబాయిలో ఆ సినిమా రెండు వారాలు కూడా ఆడలేదు. ఆరు నిమిషాలూ ఎవరికీ గుర్తులేవు. తర్వాత వదిన వేషాలు, ఆ తర్వాత అవీ లేవు. ఒక ముసలివాళ్ళ ఆశ్రమంలో రోగులకు సేవ చేస్తున్నానని, బాపు కోరిక సగం తీర్చానని రాసింది. ఆఖరి ఉత్తరం ఆమెది కాదు, ఆశ్రమంవాళ్ళది. నేను వెళ్ళలేకపోయాను. ఆ బాధ పోలేదు, పోదు కూడా.

నాలుగేళ్ళ కింద ఒక మధ్యాహ్నం మా అబ్బాయి రెండో షిఫ్టుకు తయారై అన్నం తింటున్నాడు. టీవీలో ఏదో పాత హిందీ సినిమా నడుస్తోంది. సైరను మోగింది. ల్యాంపు రూము కిటికీ, బోర్డు మీద వేలాడే బిళ్ళలు, వాటికి ఎదురుగా పొడుగాటి మనిషి వీపు. ఆ నిలబడటం నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. ఆమె ఇటు తిరగబోతోంది. నా చేయి టీవీ కట్టేసింది.

"ఏందమ్మా, బంద్ జేసినవ్?"

"ఏం లేదు, తిను. డ్యూటీకి టైమైతంది."

వాడు చేయి కడుక్కుని, బండి తీశాడు. మళ్ళీ పెట్టి చూస్తే తెర మీద కొండలు, పాట. నేను గుమ్మంలోకి వెళ్ళాను. వాడి బండి మలుపు తిరిగేదాకా అక్కడే ఉన్నాను, మెడ ఎత్తి, ఒక కాలి మీద బరువు వేసి.