రేపల్లె వెళ్లిపోయిన పిల్ల

సూర్యలంక దగ్గరి ఓ జాలరిపేట అంగన్‌వాడీలో కోటిరత్నం ఇరవై రెండేళ్లుగా పిల్లల్ని తూస్తోంది. చంకనెత్తుకుంటే చాలు, ముల్లు చూడకుండానే బరువు చెప్పేస్తుంది. ఆ విద్యకు ఎవరూ శాలువా కప్పలేదు, ఆమె అడగనూ లేదు.

పోయినేడు తెనాలి నుంచి వినయ్ కుమార్ అనే కంపెనీ ఉద్యోగి దిగాడు. పిల్లలకు రోజూ అదనంగా ఓ గుడ్డు, ఓ వేరుశనగ ఉండ కంపెనీయే పెడుతుందట. లిస్టులోని పిల్లలందరూ బరువు పెరిగితే ప్రభుత్వం ఆ ఖర్చును లాభంతో సహా తిరిగిస్తుందట, పెరగకపోతే నష్టం కంపెనీదేనట. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం కోటిరత్నానికి తెలుసు గానీ, దానం మీద లాభం పుచ్చుకోవడం వినడం అదే మొదలు. అయినా గుడ్డు గుడ్డే కదా అని ఊరుకుంది.

ఎనిమిది నెలల్లో పాతిక మందికి బుగ్గలు వచ్చాయి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు మూడేళ్ల కావేరి ఒక్కతే తొమ్మిదిన్నర కిలోల దగ్గర ఆగిపోయింది. ఏడో నెలలోనే పుట్టిన పిల్ల, నెలకోసారి జ్వరం.

వినయ్ కుమార్ వేలు ట్యాబ్‌లో ఆ పేరు దగ్గర ఆగింది.

"టీచరుగారూ, ఈ పాపవాళ్లు రేపల్లె వలసెళ్లారని రాద్దామండి."

"ఎదురుగా కూర్చుని గుడ్డు తింటుంటే వలసేంటి బాబూ?"

"లిస్టులో లేనివాళ్లకి గుడ్డు రాదు కదండీ. రేపట్నుంచి తినదు."

కోటిరత్నానికి ఒళ్లు మండింది. బక్కపిల్లల కోసం వచ్చిన పథకానికి బక్కపిల్లే అడ్డమైంది. ఆమె వద్దంటూనే ఉంది, అతను వేలితో నొక్కేశాడు.

ట్యాబ్‌లో కావేరి రేపల్లె చేరింది. మనిషి మాత్రం రోజూ తొమ్మిదింటికల్లా గుమ్మంలో ఉండేది. కోటిరత్నం ఇంటి నుంచి ఓ గుడ్డు ఉడికించి తెచ్చేది.

ఏడాది నిండాక, ఫలితం తేల్చడానికి ప్రభుత్వం తరఫున భువనేశ్వరి అనే అధికారిణి బాపట్ల నుంచి వచ్చింది. లిస్టులోని పిల్లలందరినీ కోటిరత్నం చేత తూయించింది. అందరూ పెరిగారు. వినయ్ కుమార్ ముఖం పెళ్లికొడుకులా వెలిగిపోయింది.

"ఆ మూల పాపని తూచలేదేంటమ్మా?" అంది భువనేశ్వరి.

"ఆ పిల్ల రేపల్లె వెళ్లిపోయిందండి," అంది కోటిరత్నం, వినయ్ కుమార్ వైపే చూస్తూ. "గుడ్డు కోసం రోజూ వచ్చి వెళ్తుంటుంది."

భువనేశ్వరి కావేరి బక్క చేతులు చూసింది. తర్వాత వినయ్ కుమార్ వైపు తిరిగింది.

"మిగతా సెంటర్లలో ఇంకెంతమంది వెళ్లారండి రేపల్లెకి?"

అతను ట్యాబ్ తుడుచుకుంటున్నాడు. కోటిరత్నం కావేరిని ఒళ్లో కూర్చోబెట్టుకుని గుడ్డు పెంకు ఒలవసాగింది.