వాగు దారిలో ముగ్గురం విన్న పిలుపు

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా వచ్చి ఏదో వింత జరిగిందంటే, "మళ్లీ జరిగేలా చేసి చూపించు" అనడమే నా ఉద్యోగం. ఏళ్ల తరబడి అదే పని కావడంతో ఇంట్లోనూ అదే అలవాటైపోయింది. కాకినాడలో తమ డాబా మీద ఎవరో నడుస్తున్న చప్పుడు వినిపించేదని మా ఆవిడ పద్మ చెబితే, పిల్లి అయి ఉంటుందని తేల్చేశాను. దయ్యాల కబుర్లు మొదలైన ప్రతి విందులోనూ వాటిని చెడగొట్టింది నేనే.

ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

డల్లాస్‌లో కొన్నాళ్లుండి, వీసా గొడవలు పడలేక కెనడా వచ్చి సర్రీలో స్థిరపడ్డాం. మా ఇంటి వెనక హైటెన్షన్ తీగల కింద పొడవాటి నడక దారి ఒకటి ఉంది. తారు వేసిన మంచి దారి. సైకిళ్లు, స్ట్రోలర్లు, కుక్కలు, బెంచీల మీద చేరి కబుర్లాడే పంజాబీ పెద్దవాళ్లు. ఆ దారి మీద కొందరం వాలంటీర్లుగా సేఫ్టీ పెట్రోల్ చేస్తాం. పసుపుపచ్చ జాకెట్లు వేసుకుని ఇద్దరు ముగ్గురం కలిసి అటూ ఇటూ నడవడమే. లైటు వెలగకపోతే సిటీకి ఫోన్ చేయడం, ఎవరైనా జారిపడితే లేవదీయడం, ఒంటరిగా వెళ్లే ఆడపిల్లలకు చుట్టుపక్కల మనుషులున్నారన్న ధైర్యం ఇవ్వడం. అంతకుమించి ఏమీ లేదు.

నాతో ఎక్కువగా నడిచేది ఇద్దరు. ఒకాయన గోర్డన్, మా పెట్రోల్ పెద్ద. వయసులో ఉండగా ఉత్తరాన అడవుల్లో చెట్లు కొట్టే క్యాంపుల్లో పనిచేశాడు. మాట తక్కువ, నడక వేగం. రెండో ఆవిడ సరోజా ఆంటీ. ఫిజీ నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ల పూర్వీకులను చెరుకు తోటల పనికి మన తెలుగు జిల్లాల నుంచే ఓడలెక్కించారట. ఆంటీకి మాత్రం తెలుగు రాదు. ఆవిడ చిన్నప్పుడే పోయిన వాళ్ల అవ్వ మాట్లాడేదని తెలుసు. అన్నం, నీళ్లు, అవ్వ, ఆ మూడు మాటలే ఆవిడకు మిగిలిన తెలుగు. నాతో ఇంగ్లీషు, హిందీ కలిపి మాట్లాడుతుంది.

ఇది మన దేశం నుంచి స్టూడెంట్లు వెల్లువలా వచ్చిన రోజుల సంగతి. మా వీధిలో ప్రతి బేస్‌మెంట్‌లోనూ పిల్లలే. తెల్లవారకముందే బ్యాక్‌ప్యాక్‌లు వేసుకుని, టోపీలు చెవుల దాకా లాక్కుని, షిఫ్టులకో క్లాసులకో పరుగు. తారు దారి చుట్టుతిరుగుడని వాళ్లు వాగు పక్కన లోయలోంచి పోయే మట్టి దారి పట్టడం మొదలుపెట్టారు. అందులోంచి వెళితే బస్సు తొందరగా దొరుకుతుంది. కానీ అక్కడ లైట్లు లేవు, రెయిలింగ్ లేదు. వాన పడితే ఒకటే జారుడు. మా పెట్రోల్ అటువైపు వెళ్లేది కాదు.

ఆ దారిని కూడా మా రౌండులో కలపాలని సరోజా ఆంటీ పట్టుబట్టింది. "పిల్లలు ఎటు నడిస్తే మనం అటు నడవాలి గోర్డన్. ఖాళీ తారు రోడ్డుకి కాపలా ఎందుకు?" అని మీటింగులో నిలదీసింది. ఉన్న దారికే మనుషులు చాలడం లేదని గోర్డన్ అన్నాడు. రెండు మూడు మీటింగులు ఇదే వాదనతో గడిచాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం చేస్తుంటే గోర్డన్ ఫోన్ చేశాడు. "ఈ వాదన ఇలా తేలదు. ఒకసారి ముగ్గురం ఆ దారంతా నడిచి చూద్దాం. ఈరోజే" అన్నాడు. అప్పటిదాకా మాలో ఎవరికీ ఆ ఆలోచన లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, ముఖ్యం.

చలికాలం. నాలుగు రోజులుగా వాన. మేం బయలుదేరేసరికి తుంపరగా మారింది. సీడార్ చెట్ల కింద పగలే మసకగా ఉంది. వాగు మాత్రం నిండుగా, ఎర్రగా, రాళ్ల మీద విరుచుకుపడుతూ పారుతోంది. ఆ హోరులో పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. గోర్డన్ ముందు, ఆంటీ మధ్యలో, నేను వెనక. ఏదైనా చెప్పాలంటే భుజం తట్టి, చెవి దగ్గర అరవాల్సి వచ్చింది.

దారి వంపు తిరిగేచోట నాకు పిలుపు వినిపించింది.

"బాబాయ్! ఇటు!"

కుర్రవాడి గొంతు. అరుపు కాదు. పక్క గదిలోంచి పిలిచినట్టు మామూలుగా, స్పష్టంగా ఉంది. హోరు తగ్గలేదు. హోరు హోరుగానే ఉంది, పిలుపు దాని మీద విడిగా వినిపించింది. సర్రీలో నన్ను బాబాయ్ అనేవాళ్లెవరూ లేరు. ఇక్కడి పిల్లలందరికీ నేను అంకుల్‌నే.

పిలుపు వచ్చిన వైపు, కుడిపక్క వాలు కిందికి తిరిగాను. తిరిగి చూస్తే, నా ముందున్న ఇద్దరూ అప్పటికే ఆగి అటే చూస్తున్నారు.

ఎవరం ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. గోర్డన్ చెట్ల కొమ్మలు పట్టుకుని వాలులోకి దిగడం మొదలుపెట్టాడు. ఆయన వెనక నేను. ఆంటీకి మోకాళ్ల నొప్పులు కాబట్టి పైనే నిలబడింది. పైనుంచి చూస్తే ఫెర్న్ పొదలు, ముళ్లకంప తప్ప ఏమీ కనబడదు. ఆ పొదల కింద, నీటికి కొంచెం పైన, ఒక అమ్మాయి పడి ఉంది.

నల్ల జాకెట్, తడిసి ఒంటికి అంటుకుపోయింది. పెదవులు నీలంగా ఉన్నాయి. కాలు ఉండకూడని కోణంలో మడతపడి ఉంది. దవడ ఒక పక్కంతా వాచిపోయింది. ముందు నేను ప్రాణం లేదనుకున్నాను. గోర్డన్ ఆమె మెడ మీద వేళ్లు పెట్టి చూసి, ప్రాణం ఉందన్నట్టు నా వైపు తల ఊపాడు. ఆ తల ఊపు ఈ జన్మలో మరిచిపోను.

మా జాకెట్లు తీసి కప్పాం. గోర్డన్ 911కి ఫోన్ చేశాడు. ఆ అమ్మాయి చెయ్యి నా రెండు చేతుల మధ్య పెట్టుకుని, ఏం మాట్లాడాలో తెలియక, తెలుగులోనే "ఏం కాదమ్మా, వచ్చేశాం, వచ్చేశాం" అంటూ కూర్చున్నాను. ఫైర్ వాళ్లు తాళ్లు కట్టి, స్ట్రెచర్ మీద పైకి చేర్చారు. అంబులెన్స్‌లో వచ్చినామె వెళ్తూ వెళ్తూ, "చీకటి పడేదాకా ఉండుంటే మాకు పని ఉండేది కాదు" అంది.

అంబులెన్స్ వెళ్లిపోయింది. ముగ్గురం గోర్డన్ ట్రక్కులో హీటర్ పెట్టుకుని కూర్చున్నాం.

కాసేపటికి గోర్డన్ అడిగాడు. "మీలో విజిల్ ఊదింది ఎవరు?"

"ఏ విజిల్?" అన్నాను.

"ఆ విజిలే. అడవిలో మనిషికి దెబ్బ తగిలితే ఊదేది. క్యాంపులు వదిలాక మళ్లీ వినలేదు. అది వినిపిస్తే ఎవడి పని వాడు అక్కడే పడేసి పరుగెత్తాలి. అందుకే దిగాను."

నేను విన్నది విజిల్ కాదని, ఎవరో నన్ను తెలుగులో పిలిచారని చెప్పాను. ఆయన సీట్లో పూర్తిగా నా వైపు తిరిగాడు.

వెనక సీట్లోంచి సరోజా ఆంటీ నెమ్మదిగా అంది. "మూర్తీ, ఒకటి అడగనా? 'ఇట్రావే పిల్లా' అంటే ఏమిటి?"

ఆవిడ పలికింది నేను రాసినంత స్పష్టంగా కాదు. అర్థం తెలియని మాటను పొల్లుపోకుండా పట్టుకోవాలని ఒక్కో అక్షరం జాగ్రత్తగా పలికింది. కానీ అది తెలుగే. ఇటు రమ్మని అర్థమని చెప్పాను. ఆవిడ మెడలోని స్కార్ఫ్ పమిటలా నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "అది అవ్వ గొంతు. నేను చెరుకులోకి ఆడుకోవడానికి పోతే అలాగే పిలిచేది. ఆ మాట మరిచిపోయాననుకున్నాను" అంది.

ఆ ట్రక్కులో నాకు భయం వేయలేదు. పెద్ద కొండ ముందు నిలబడినప్పుడు ఒంట్లోకి ఒక నిశ్శబ్దం వస్తుంది చూడండి, అలా ఉంది.

టెస్టర్‌ని కాబట్టి ఊరుకోలేదు. తర్వాతి వారం పద్మను తీసుకుని, గోర్డన్‌తో కలిసి మళ్లీ వెళ్లాను. అమ్మాయి పడ్డ చోటుకి గోర్డన్ దిగాడు. గొంతు చించుకుని అరవమన్నాను. పైన, వంపు దగ్గర నేనూ పద్మా చెవులు రిక్కించి నిలబడ్డాం. పొదల మీదుగా ఆయన నోరు తెరవడం కనిపించింది కానీ మాట వినబడలేదు. విజిల్ కొని తెచ్చి అదీ ఊదించాను. నీళ్ల హోరులో ఏదో సన్నటి కీచు, అంతే. అప్పటికి వాన తెరిపిచ్చి, వాగు ఉధృతి సగానికి తగ్గింది కూడా.

పద్మ నా చెయ్యి పట్టుకుని, "ఇంక చాలు, ఇంటికి పోదాం రండి" అంది. పిల్లి అయి ఉంటుందేమో అని నన్ను వెక్కిరించే హక్కు ఆమెకు ఉంది. ఎందుకో వెక్కిరించలేదు.

ఆ అమ్మాయి పేరు జస్లీన్. పంజాబ్‌లో ఏదో పల్లెటూరు. పగలు కాలేజీ, తెల్లవారుజామున బేకరీలో పని. ఆ ఆదివారం పొద్దున్నే షిఫ్టుకి వెళ్తూ జారింది. ఇంట్లో తనతో కలిసి ఉండే స్టూడెంట్లు పనిలో ఉందనుకున్నారు. పనిచోట ఒంట్లో బాగాలేక రాలేదేమో అనుకున్నారు. ఎవరూ వెతకలేదు. ఆమె దవడ ఎముక విరిగింది. ఆ స్థితిలో నోరు తెరిచి అరవడం జరిగే పని కాదని ఆసుపత్రిలో డాక్టరే మాతో అన్నాడు.

మా వాదన ఆ ఆదివారంతోనే తేలిపోయింది. వాగు దారి మా రౌండులో కలిసింది. మనుషులు చాలరన్న దిగులు కూడా తీరింది. జస్లీన్ ఇంట్లో పిల్లలు, ఆ పక్క బేస్‌మెంట్ల పిల్లలు, వాళ్ల ఇంటి ఓనర్లు, బెంచీల మీద కబుర్లాడే పెద్దవాళ్లు కూడా జాకెట్లు అడిగి తీసుకున్నారు. దారి మొదట్లో ఇప్పుడు లైట్లు పడ్డాయి. వంపు దగ్గర చెక్క రెయిలింగ్ వచ్చింది.

వసంతంలో జస్లీన్ చేతికర్ర సాయంతో మా మీటింగుకి వచ్చింది. కమ్యూనిటీ సెంటర్‌లో చిన్న గది. విరిగిన దవడకు కట్టిన తీగలు తీసేశారు, మాట కాస్త ముద్దగా వస్తోంది. తను తెచ్చిన పిన్నీల డబ్బా, మన సున్నుండల్లాంటి పంజాబీ మిఠాయి, బల్ల మీద పెట్టి, వంగి మా ముగ్గురి కాళ్లకూ దండం పెట్టబోతే సరోజా ఆంటీ పట్టుకుని ఆపింది.

కూర్చున్నాక ఆ అమ్మాయి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. "అంకుల్, మీలో పంజాబీ ఎవరికి వచ్చు?" అని ఇంగ్లీషులో అడిగింది.

ఎవరికీ రాదన్నాం. ఆమె నమ్మలేదు.

"మరి 'ఆ రహే హాఁ, పుత్' అన్నారు కదా? వస్తున్నాం బిడ్డా అని. ఒక పెద్దావిడ, ఇద్దరు మగవాళ్లు. మీ గొంతులే. ఇప్పుడు వింటుంటే గుర్తుపడుతున్నాను. నేను కళ్లు మూసుకున్నప్పుడల్లా అన్నారు. మీరు వస్తున్నారని తెలుసు కాబట్టే నిద్రపోకుండా ఉన్నాను."

మేం కిందికి దిగాక నేను తెలుగులో ఏదో అన్నానని, అదే ఆమెకు అలా అనిపించి ఉంటుందని సర్దిచెప్పబోయాను.

"లేదంకుల్, అప్పుడు కాదు" అంది. "పొద్దున. అప్పుడే వెలుతురు వస్తోంది. అప్పటినుంచీ అంటూనే ఉన్నారు."

గోర్డన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆంటీ ఆ అమ్మాయి వీపు నిమురుతూ ఉంది.

ఈ సంగతిని నేను అన్ని వైపుల నుంచీ పరీక్షించాను. చలికి మెదడు భ్రమపడుతుందని డాక్టరు చెప్పాడు, ఒప్పుకుంటాను. మరి మా ముగ్గురి మెదళ్లూ ఒకే క్షణాన, ఒకే వైపు ఎందుకు తిరిగాయి? ఆమె విన్న గొంతుల్లో నాదీ ఒకటైతే, అది నన్ను వదిలి ఎప్పుడు వెళ్లింది? నాకు తెలియదు. తెలిసినవాళ్లెవరూ కనబడలేదు.

ఆ ఆదివారం వెలుతురు వచ్చే వేళకి గోర్డన్ చర్చికి తయారవుతున్నాడు. సరోజా ఆంటీ పూజ గదిలో ఉంది. నేను దుప్పటి కప్పుకుని నిద్రలో ఉన్నాను.