చింతపండు పిప్పితో తోమిన నత్త

నాకు నత్తలంటే అసహ్యం. వరి చేలో కలుపు తీసే రోజుల్లో కాలి కింద పటుక్కున చితికేవి. ఆ జిగట వేళ్ళ సందుల్లో పట్టుకుని వదిలేది కాదు. ఆ పూట నాకు అన్నం సహించేది కాదు. అలాంటి నా వంటింటి గూట్లోనే నత్తలు కాపురం పెట్టాయి. అదీ రాతి నత్తలు.

తెచ్చింది నా కూతురి కూతురు. రాజమండ్రి కాలేజీలో రాళ్ళ మీద పరిశోధన చేస్తోంది. కొవ్వూరుకి ఇవతల మా ఊరి క్వారీలు దగ్గరని నా ఇంట్లోనే మకాం. ఆ క్వారీల్లో నల్లరాయి రెండు వరసలుగా ఉంటుంది. మధ్యలో తెల్లటి సున్నపురాయి పొర ఉంది. ఒకప్పుడు ఇక్కడిదాకా సముద్రం ఉండేదట, అప్పటి నత్తలూ గవ్వలూ ఆ పొరలో రాయైపోయాయట. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. నాకు తెలిసిందల్లా, ఆ పిల్ల గోనెసంచిలో అవి మోసుకొచ్చి, నేను ఊడ్చిన గచ్చు మీద పోసి, పళ్ళ బ్రష్షుతో రుద్దుతుంటే ఇల్లంతా దుమ్మయ్యేదని.

"అన్నం తినే చోట ఈ చచ్చిన పురుగులేంటే?" అన్నాను ఒకరోజు.

"చచ్చి కోట్ల ఏళ్ళయింది అమ్మమ్మా. మైల ఎప్పుడో తీరిపోయింది" అంది, తల ఎత్తకుండా.

వాటిలో ఒకదాన్ని మాత్రం దూదిలో పెట్టి దాచుకునేది. బొటనవేలంత ఉంటుంది, మెలికలు తిరిగి, ఒంటినిండా సన్నటి గీతలతో. అలాంటి నత్త గురించి ఇంతవరకూ ఎవరూ రాయలేదట, కొత్త జాతట. అది కొత్తదని చెప్పాలంటే గీతలు లెక్కపెట్టాలి, కొలవాలి, ఫొటో తీయాలి, పేరు పెట్టి అచ్చు వేయించాలి. ఆ నత్తనే పదిమందీ చూసుకునేలా మ్యూజియంలో దాచాలి. మిగతావన్నీ విరిగిపోయినవే. గుల్ల నోరు చెదరకుండా దొరికింది ఇదొక్కటే. అది దొరికిన గొయ్యిలో ఇప్పుడు రెండు నిలువుల నీళ్ళున్నాయి.

"నత్తకి పేరు పెట్టడానికి రెండేళ్ళా? నీకు ఇరవయ్యొకటో రోజునే పెట్టేశాం కదే!"

"నేను కొత్త జాతిని కాదుగా అమ్మమ్మా."

కొలతలకీ ఫొటోలకీ సోమవారం దాన్ని పట్టుకుని రమ్మని వాళ్ళ సారు చెప్పారు. ఆదివారం ఆ పిల్ల దాన్ని పెట్టడానికి డబ్బా కొనాలని కొవ్వూరు వెళ్ళింది. నేను ఇత్తడి బిందెలు తోముకుంటున్నాను. గూట్లో దూది మీద ఆ నత్త కనబడింది, సందుల్లో మట్టితో. పెద్దవాళ్ళ ముందుకి ఇంత మురికిదాన్ని పట్టుకెళ్తే ఏ ఇంటి పిల్ల అనుకుంటారు? పులుసు పిండిన చింతపండు పిప్పి పారేసే అలవాటు నాకు లేదు. నత్తని ఆ పిప్పిలో పడేశాను. చిన్నగా నురగ వచ్చింది. మురికి వదులుతోందనుకుని కాసేపు అలాగే నాననిచ్చి, కొబ్బరి పీచుతో గట్టిగా తోమాను. సుద్దముక్కలా తెల్లగా, నున్నగా తేలింది. నాకు సంతోషమేసింది కూడా.

ఆ పిల్ల వచ్చి చూసింది. నత్తని వెలుతురుకి ఎత్తి, గీతల కోసం వేలితో తడిమింది.

"దేంతో కడిగావు అమ్మమ్మా?"

"చింతపండు పిప్పితో. సబ్బేమీ దండగ చెయ్యలేదులే."

"అది సున్నం అమ్మమ్మా. పులుపు తినేస్తుంది."

సున్నపు గచ్చు మీద పులుసు ఒలికితే గచ్చు గుల్లవుతుందని నాకు తెలియదా? ఆ మాట మీదే ఇద్దరు కోడళ్ళని తిట్టిపోసినదాన్ని. నత్తల మీద కూడా కలగనంత రోత ఆ క్షణాన నా చేతుల మీద నాకు కలిగింది.

ఫోన్లో వాళ్ళ సారు గొంతు నాకూ వినబడింది. "గీతలు లేకుండా కొత్తదని ఎలా చెప్తామమ్మా? రెండేళ్ళ పనీ ఆగిపోయినట్టే."

అప్పుడు గుర్తొచ్చింది. మా బాత్రూం కట్టించినప్పుడు నీళ్ళు పోయే కాలువకి ఇటుకలు కొనడం ఎందుకని, కంకర కొట్టే క్రషర్ వాళ్ళు వద్దన్న తెల్లరాళ్ళు ఊరికే తోలించుకున్నాను. ఈ నత్త దొరికిన గోతి దగ్గరే నిలబడి ట్రాక్టరుకి ఎత్తించింది నేనే.

గునపం తీసుకున్నాను.

కాలువ రాళ్ళు ఒక్కొక్కటే పెకలించడం మొదలుపెట్టాను. నల్లటి జిగురు, వెంట్రుకల ఉండలు, సబ్బు పాచి, ఎర్రలు. ముక్కుకి కొంగు కట్టుకున్నా కంపు ఆగలేదు. నేను పెకలిస్తుంటే ఆ పిల్ల రాళ్ళని నీళ్ళతో కడిగి, చిన్న సుత్తితో తట్టి చూసేది. పొద్దు వాలేసరికి మోచేతులదాకా ఒకటే మురికి. కాలువ చివర ఓ రాయి పగులు సందులో అలాంటిదే ఇంకో నత్త కనబడింది. మొదటిదానికంటే చిన్నది. నోరు చెదరలేదు, గీతలున్నాయి, ఆ గీతల్లో మా ఇంటి పాచి ఉంది. నా చెయ్యి దానంతటదే కొబ్బరి పీచు వైపు వెళ్ళింది.

"ముట్టుకోకు!" అని అరిచింది. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.

ఎక్కడ దొరికిందో ఉన్నదున్నట్టు రాయాలట. "క్వారీ అని రాసుకోవే. కాలువంటే నవ్వరూ?" అన్నాను.

"అబద్ధం రాయకూడదు అమ్మమ్మా. క్వారీ రాయే, బాత్రూం కాలువలో దొరికింది అని రాయాలి."

"అయితే మొదటిదాన్ని నేను చింతపండుతో తోమి పాడుచేశానని కూడా రాయి. నా నిర్వాకం దాచిపెట్టి కాలువ కంపు ఒక్కటే రాస్తే ఎలా?"

రాసింది. అచ్చయిన కాగితం తెచ్చి చదివి వినిపించింది కూడా. నత్తకి నా పేరు పెడతానంటే మాత్రం ఒప్పుకోలేదు. ఛీ, నత్తకా!

అరిగిపోయిన మొదటి నత్త నా దగ్గరే, ఆ వంటింటి గూట్లోనే ఉంది. చూస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పారేయడానికి చెయ్యి రాదు. దాని పక్కనుండే చింతపండు జాడీని మాత్రం ఆ గూట్లోంచి తీసి కింది అరలోకి మార్చాను.