ఇంజన్ వేడి అనుకున్నాం: ఖమ్మం నుంచి భద్రాచలానికి లారీలో

తొలిచూలుతో ఉన్న ఆడపిల్లను ఏడో నెలలో పుట్టింటికి తెచ్చుకోవడం మా ఇంట్లో ఆనవాయితీ. అక్క అత్తగారిది దుమ్ముగూడెం దగ్గర పల్లె. ఎటూ అంతదూరం వెళ్తున్నాను కదా, ముందు పర్ణశాల చూసుకుని, సాయంత్రం బస్సుకు అక్కను వెంటబెట్టుకుని వద్దామని నా ఆలోచన. మీరు బస్సులో వెళ్తే ఖమ్మం నుంచి భద్రాచలానికి మూడు గంటల పైనే పడుతుంది, టికెట్టు రెండొందలు పెట్టుకోండి. నేను మాత్రం బావ లారీ ఎక్కాను. బావ భద్రాచలం దగ్గరి సారపాక మిల్లు నుంచి కాగితం రీళ్లు నాగపూర్, సూరత్ వైపు తోలుతాడు. నెలన్నర తర్వాత ఇంటికి వెళ్తూ, ఖమ్మంలో సరుకు దించి ఖాళీ బండితో బయల్దేరాడు. బయల్దేరేముందు అమ్మ నా సంచిలో బార్లీ గింజల పొట్లం పెట్టింది. "అక్కకు ఒంటికి పోతే మంట పుడుతుందంట. కడుపుతోటి ఉంటే వేడి చేస్తది. మరగబెట్టుకుని తాగమను" అంది.

పొద్దున ఏడింటికి కదిలాం. మార్చి ఎండ, దానికి తోడు కాళ్ల పక్కనే ఇంజన్. వైరా దాటేసరికే చొక్కా వీపుకు అంటుకుపోయింది. తల్లాడలో టీ తాగాం, జూలూరుపాడులో ఇడ్లీ తిన్నాం. నలభై రూపాయలకు ప్లేటు, చట్నీ బాగుంటుంది, ఆగండి. బావ ఇడ్లీ సగంలో వదిలేశాడు. సీటు పక్కన ఉన్న సీసాలో సబ్జా గింజలు నానబెట్టిన నీళ్లున్నాయి, దారి పొడుగునా అవే తాగుతున్నాడు. అప్పటికే రెండుసార్లు బండి పక్కకు ఆపి చెట్ల చాటుకు వెళ్లొచ్చాడు. "ఏంది బావా, షుగరా?" అని ఆట పట్టించాను. "నోర్ముయ్ బామ్మర్ది" అని నవ్వాడు.

కొత్తగూడెం మీదుగా వెళ్లాం. రైల్లో వచ్చేవాళ్లు ఇక్కడే మోసపోతారు. స్టేషన్ పేరు భద్రాచలం రోడ్డే గానీ, గుడి ఇంకా నలభై కిలోమీటర్లు. పాల్వంచ దాటాక అడవి పట్టుకుంటుంది. టేకు చెట్లు ఆకురాల్చి నిలబడ్డాయి, ఇప్పచెట్ల కింద ఆడవాళ్లు బుట్టలు పెట్టుకుని పువ్వు ఏరుతున్నారు. ఫోటో తీసుకుందామని నేను ఫోను బయటికి తీస్తుండగా బావ మూడోసారి ఆపాడు. తిరిగొచ్చి డోరు పట్టుకుని పళ్లు బిగించి కాసేపు అలాగే నిలబడ్డాడు. నుదుటి మీద చెమట. నాకు నవ్వు రాలేదు.

"మంటనా బావా?"

"అవ్. రెండు నెల్లాయె. వస్తది, పోతది. ఇంజన్ వేడి, గంతే. మా లైన్ల అందరికి ఉండేదే."

"మరెట్ల తగ్గుతది?"

"సబ్జా తాగాలె, మజ్జిగ తాగాలె." బండి కదిలించి, రోడ్డు మీదే చూపు పెట్టి, ఏదో తోటి డ్రైవరుతో అన్నట్టు అనేశాడు. "గా వేడి ఊకె దిగది బామ్మర్ది. అప్పుడప్పుడు ఆడమనిషి కాడికి పోతేనే దిగుతదంటరు పెద్ద డ్రైవర్లు. నేను గూడ దాబా ఎనకాల..."

అక్కడ ఆగిపోయాడు. పక్క సీట్లో ఉన్నది పెళ్లాం తమ్ముడని అప్పుడు గుర్తొచ్చింది కాబోలు.

కోపం వచ్చింది. ఆ స్టీరింగు ముందే చెంప పగలగొట్టాలనిపించింది. సంచి ఒళ్లోకి లాక్కుంటే చేతికి పొట్లం తగిలింది, దాంతో కోపం కాస్తా భయమైంది.

"అక్కకు గూడ మంట ఉన్నదంట బావా. గందుకే అమ్మ బార్లీ పంపింది."

బావ పొట్లం వైపు చూశాడు, నా వైపు చూడలేదు. బండి రోడ్డు దిగి ఆగింది. వెనకొచ్చే బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

"నాకు చెప్పలే."

"నువ్వు అడిగినవా?"

పది దాటింది. భద్రాచలం ప్రభుత్వ దవాఖానాలో ఓపీ మధ్యాహ్నం దాకానే. నేరుగా అక్కడికే పోదామంటే బావ తల అడ్డంగా ఊపాడు. "ఆడ అందరు ఎరికినోళ్లే. పరువు పోతది. రేపు విజయవాడ పోయి చూపించుకుంట."

"ఏడో నెల మనిషిని గూడ విజయవాడ తోలుకపోతవా? అక్కకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

ఫోను పట్టుకుని దిగాడు. అద్దంలోంచి అతని వీపు మాత్రమే కనపడుతోంది. మొదట నిలబడి మాట్లాడాడు, తర్వాత గొంతుక్కూర్చున్నాడు. నేను ఇంజన్ ఆపేసిన క్యాబిన్లో కూర్చుని, అక్క ఏమంటుందో, అసలు వస్తుందో రాదో అని మథనపడ్డాను. ఎంతసేపటికో వచ్చి డోరు వేసుకున్నాడు.

"దవాఖానకు ఆటోల బయల్దేరుతదంట."

"ఏమన్నది?"

"ఏమనలే."

తిట్టి ఉంటే నాకు కొంచెం ధైర్యంగా ఉండేది.

లారీ సారపాకలో నిలిపి, షేర్ ఆటోలో గోదావరి వంతెన దాటాం. తలకు ఇరవై తీసుకున్నాడు. మేం వెళ్లేసరికి అక్క ఓపీ బల్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. బావ వైపు చూడలేదు. "తిన్నవార?" అని నన్నడిగింది. కలయికతో అంటే ఇలాంటి జబ్బులకు అక్కడ వేరే గది ఉంది, తలుపు వేసే మాట్లాడతారు. అక్క నా చెయ్యి వదలకపోవడంతో నేనూ లోపలికి వెళ్లాను. ఎదురుగా ఉన్న నర్సు అడగ్గానే బావ మళ్లీ పాత పాటే అందుకున్నాడు. "ఏం లేదు మేడం. లారీ నడుపుత కదా. ఇంజన్ వేడి."

అక్క గొంతు పెంచలేదు.

"నేను ఎన్నడు లారీ ఎక్కలే మేడం."

తర్వాత బావ ఇంజన్ ఊసెత్తలేదు. అడిగినవాటికి తలొంచుకుని నిజం చెప్పాడు.

డాక్టరమ్మ ఇద్దరినీ చూసి, పరీక్షలు చేయించి, ఇద్దరికీ అదే రోజు మందులు మొదలుపెట్టింది. ఒక్కరికే వాడితే మళ్లీ ఒకరి నుంచి ఒకరికి వస్తుందంది. మంట తగ్గిందని మధ్యలో మానేయొద్దంది. బావకు బీపీ కూడా ఎక్కువే ఉందట, దానికి వేరే చివాట్లు. బిడ్డ బాగానే ఉంది, ఇప్పుడైనా వచ్చారు నయం, అంది. హెచ్‌ఐవీ పరీక్షలో ఇద్దరికీ ఏమీ లేదు, కానీ మూడు నెలల తర్వాత మళ్లీ చేయించుకోవాలి.

పర్ణశాల చూడలేదు. సాయంత్రం బస్టాండులో బావ కమలాపళ్లు కొని కిటికీలోంచి అక్క ఒళ్లో పెట్టాడు. అక్క వద్దనలేదు, ఒలిచి తినలేదు. ఖమ్మం దాకా అవి అలాగే ఉన్నాయి.

ఇది రాస్తున్న నాటికి ఆ మూడు నెలలు నిండలేదు, పురుడు అంతకంటే ముందే వస్తుంది. బావ రోజూ ఫోన్ చేస్తాడు, అక్క ఒకరోజు ఎత్తుతుంది, ఒకరోజు ఎత్తదు. అమ్మ వేడి అంది, అక్క అత్తగారూ వేడే అన్నారట, బావ సరేసరి. ఎవరికి వాళ్లం మంచి మనసుతోనే బార్లీ మరగబెట్టాం. ఆ రోజు బావ నోరు జారకపోతే ఇప్పటికీ మరగబెడుతూనే ఉండేవాళ్లం.

ఈ దారిన వెళ్లేవాళ్లకు, ముఖ్యంగా లారీ లైన్లో ఉన్నవాళ్లకు ఒకటే సలహా. మంట ఉంటే దాబా పక్క మందుల షాపులో గోలీలు కొనకండి. పొద్దున్నే ప్రభుత్వ దవాఖానాకు వెళ్లి ఓపీ చీటీ తీసుకోండి. మాకు రూపాయి ఖర్చు కాలేదు. ఒక్కరే వెళ్లకండి, ఇంట్లో ఆమెను కూడా తీసుకెళ్లండి.

పోస్టు పెట్టేముందు అక్కకు చదివి వినిపించాను. "పేర్లు తీసెయ్" అంది. తీసేశాను. లారీ ఎక్కలేదన్న మాట కూడా తీసెయ్యమంటావా అని అడిగాను.

"గదొక్కటి ఉంచు" అంది.